సేల్స్‌మన్ కడ్డీలు పెడితే నల్లా నీళ్లు గోధుమ రంగుకు మారాయి. ఊళ్లో బ్లీచింగే ఆపించేశారు. ఏం చేయాలి?

ప్రశ్న: పీఎస్_సార్_నల్లగొండ

అందరికీ నమస్కారం. నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా ఊరికి మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్లు వస్తాయి. ఇంటింటికీ నల్లా ఉంది. అయినా చాలా ఇళ్లవాళ్లు తాగడానికి ఊళ్లో ఫిల్టర్ నీళ్లు అమ్మే ప్లాంటు నుంచి క్యాన్ తెచ్చుకుంటారు. నల్లా నీళ్లు స్నానాలకు, గిన్నెలు తోముకోవడానికి, బర్లకు. ఇది ఎప్పటి నుంచో ఉన్నదే. ఇప్పుడు జరిగింది వేరు.

మహిళా సంఘం మీటింగ్ రోజున పంచాయతీ ఆఫీసు ముందు ఒక కుర్రాడు టేబుల్ వేసుకుని కూర్చున్నాడు. ఫిల్టర్ మిషన్లు అమ్మే కంపెనీ మనిషి. రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో అతను తెచ్చిన ఫిల్టర్ నీళ్లు, ఇంకోదాంట్లో అప్పటికప్పుడు నల్లా తిప్పి పట్టిన నీళ్లు. ముందు పెన్ను లాంటి మీటరు ముంచాడు. ఫిల్టర్ నీళ్లకు 40 చూపింది, నల్లా నీళ్లకు 310. "చూసిండ్రా అమ్మా, 310 పాళ్లు మురికి" అన్నాడు. తర్వాత ప్లగ్గులో పెట్టిన ఒక డబ్బా తీసి, దాని కింద ఉన్న లోహపు కడ్డీలను రెండు గ్లాసుల్లోకి దించి స్విచ్ వేశాడు. ఫిల్టర్ గ్లాసు తేటగానే ఉంది. నల్లా గ్లాసు ముందు పసుపు పచ్చగా, తర్వాత గోధుమ రంగుకు మారింది. చూస్తుండగానే అడుగున ఆకుపచ్చ, నలుపు కలిసిన మడ్డి పేరుకుంది. "ఇదే రోజూ మీ పిల్లల కడుపులకు పోతున్నది" అన్నాడు. ఒకామె చంకలోని బిడ్డ నోటి దగ్గరున్న నీళ్ల సీసా లాగి పక్కన పడేసింది. అది చూసి నాకు కడుపు మండింది.

నేను ముందుకెళ్లి, "తమ్ముడూ, ఆ ఫిల్టర్ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కడ్డీలు పెట్టు" అన్నాను. మిషన్ పాడవుతుందని తప్పించుకున్నాడు. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుందని, ఆ కరెంటుకు ఇనప కడ్డీ కరిగి తుప్పు వస్తోందని, ఆ మడ్డి కడ్డీదే కాని నీళ్లది కాదని గట్టిగానే చెప్పాను. ఒక పెద్దాయన లేచి, "నువ్వు సర్కారు జీతం తీసుకుంటవు సారూ, సర్కారు నీళ్ల దిక్కే మాట్లాడతవు" అన్నాడు. ఆ మాటతో వాదన అయిపోయింది. 12 వేల రూపాయల మిషన్‌కు నెలనెలా కిస్తీ కట్టే షరతు మీద అక్కడే కొందరు సంతకాలు పెట్టారు. వాళ్లలో కూలికి పోయి బతికేవాళ్లు కూడా ఉన్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. తర్వాత జరిగిన గ్రామసభలో నీళ్ల వాసన మీద గొడవ లేచింది. "బాత్రూం కడిగే పౌడర్ మా నీళ్లల్ల కలుపుతరా?" అని ఒకరు, దాంతోనే మోకాళ్లు పట్టేస్తున్నాయని ఇంకొకరు, జుట్టు ఊడుతోందని మరొకరు. వాట్సాప్‌లో ఎవరిదో ఆడియో కూడా వినిపించారు. సర్పంచ్ అక్కడికక్కడే వాటర్‌మెన్‌ను పిలిచి ఇక నుంచి ట్యాంకులో బ్లీచింగ్ వేయొద్దని చెప్పాడు. కార్యదర్శి తలొంచుకుని కూర్చున్నాడు.

వానలు మొదలయ్యాయి. మా స్కూలు పిల్లలు తాగేది ఆ ట్యాంకు నీళ్లే. మధ్యాహ్న భోజనమంటే ఉడుకుతుంది, తాగే నీళ్లు ఉడకవు కదా.

కెమిస్ట్రీ నాకు తెలుసు. తెలియనిది, కళ్లారా చూశామని నమ్ముతున్నవాళ్లకు ఎలా చెప్పాలన్నది. మీ ఊళ్లలో ఎవరైనా ఇలాంటిది ఎదుర్కొన్నారా? బ్లీచింగ్ మళ్లీ మొదలుపెట్టించడానికి ఎవరి దగ్గరికి, ఏం చేతిలో పట్టుకుని వెళ్లాలి?

జవాబు: రిటైర్డ్_కెమిస్ట్

సార్, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మీరు మాటలతో చెప్పారు, అతను గ్లాసుతో చూపించాడు. జనం గ్లాసును నమ్మారు. అందులో వాళ్ల తప్పేం లేదు. ఎవరో చెప్పింది కాకుండా కంటితో చూసింది నమ్మమని క్లాసులో మనమే చెబుతాం. కాబట్టి మీరూ గ్లాసుతోనే జవాబివ్వండి.

అతని డబ్బాను మాత్రం ముట్టుకోవద్దు, పిల్లల్ని అసలు ముట్టుకోనివ్వొద్దు. అది ఇంటి కరెంటుతో నడుస్తుంది. మీకు 9 వోల్టుల బ్యాటరీ, రెండు వైరు ముక్కలు, రెండు ఇనప మేకులు చాలు. ముందు ప్లాంటు నీళ్లలో మేకులు పెట్టండి, పెద్దగా ఏమీ జరగదు. అదే గ్లాసులో అందరి ముందూ చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టండి. పది, పదిహేను నిమిషాలు ఓపిక పడితే వాళ్లు డబ్బు పెట్టి కొన్న నీళ్లే గోధుమ రంగుకు వస్తాయి. ఇక్కడితో ఆపొద్దు, అసలుది తర్వాతే. నల్లా నీళ్లు పట్టి, మేకులకు బదులు పెన్సిల్ చెక్కగా వచ్చే నల్ల ములుకులు రెండు పెట్టండి. బుడగలు వస్తాయి, మడ్డి రాదు. "మురికి నీళ్లలోదైతే పెన్సిల్ పెట్టినా రావాలి కదమ్మా, మేకు పెడితేనే ఎందుకొస్తోంది?" అని అడిగి ఊరుకోండి. జవాబు వాళ్లనే చెప్పనివ్వండి. తర్వాత ఆ మేకు తీసి చేతిలో పెడితే ఎక్కడ తిన్నదో కనిపిస్తుంది.

ఇక ఆ పెన్ను మీటరు. అది నీళ్లలో కరెంటు ఎంత పారుతోందో చూసి, దాన్నుంచి కరిగిన లవణాలు ఎంతో లెక్క కడుతుంది. అంతకు మించి దానికేమీ తెలియదు. కాల్షియం, మెగ్నీషియం, సోడియం అన్నీ దానికి ఒకటే. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉంటే మంచివే. వేరే దిక్కు లేని చోట 2000 వరకు అనుమతి ఉంది. మీ నల్లాలో వచ్చిన 310 చక్కటి నీళ్ల లెక్క. ఒక కొబ్బరిబోండాం కొట్టి అదే మీటరు అందులో ముంచండి, అంకె వేలల్లోకి పోతుంది. జబ్బు మనిషికి మనం ఏరికోరి తాగించే నీళ్లవి.

కరిగిన లవణాలు 500 కంటే తక్కువున్న చోట ఇంటి ఆర్వో మిషన్లను, అంటే సన్నటి పొర గుండా నీళ్లను నెట్టి లవణాలను ఆపే ఫిల్టర్లను, కట్టడి చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. ఇలాంటి మిషన్ ఒక లీటరు ఇవ్వడానికి రెండు, మూడు లీటర్లు కాలవలోకి వదులుతుంది. ఎండాకాలంలో నీళ్ల కోసం కొట్లాడుకునే ఊళ్లలో ఇది ఎంత అన్యాయమో ఆలోచించండి.

అంతకంటే పెద్ద సంగతి, ఆ మీటరుకు కనిపించనివి. నీళ్లలో మలం కలిసినా అంకె కదలదు. ఫ్లోరైడ్ ఎక్కువున్నా దాదాపు కదలదు, ఎందుకంటే ఫ్లోరైడ్‌లో మంచీ చెడూ తేలేది ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాముల దగ్గరే. ప్రమాణం ఒకటి, తప్పనిసరైతే ఒకటిన్నర. 300, 400 చూపించే మీటరుకు ఆ తేడా ఎక్కడ ఆనుతుంది? రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచితే పోదు, నీళ్లు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది.

నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని వైద్యులు మొదటగా రాసిపెట్టింది తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. ఇక నల్లగొండ గురించి మీకు నేను చెప్పేదేముంది? నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు ప్రపంచమంతా నిలిచిపోయింది. మన జిల్లా పేరు సైన్సు పుస్తకాల్లోకి అలా ఎక్కింది. ఒక తరం వెన్నెముకలు వంగిపోయాక మనకు బోరు వదిలి కృష్ణ నీళ్లు వచ్చాయి. ఆ నీళ్ల మీదే ఇప్పుడు మురికి అనే ముద్ర వేస్తున్నారు.

అందుకే మీరు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న, మీ ఊరి ప్లాంటు ఏ నీళ్లు తీసుకుంటోంది అని. చాలా చోట్ల సొంత బోరు నీళ్లే. పొర కొత్తగా ఉన్నప్పుడు ఆర్వో ఫ్లోరైడ్‌ను బాగానే ఆపుతుంది, బోరు నీళ్లకు అది నిజంగా అవసరం కూడా. పొర పాతబడితే ఎంత ఆపుతోందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్ష ఎప్పుడు చేశారో అడగండి.

బ్లీచింగ్ గురించి. ఉప్పు పిడికెడు మింగితే వాంతి అవుతుంది, కూరలో చిటికెడు లేకపోతే ముద్ద దిగదు. ఇదీ అంతే. మంచి పౌడర్ వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. మీ ట్యాంకు 60 వేల లీటర్లదైతే 150 గ్రాములు. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ కూడా పడదు. అందులో కొంత క్రిములను చంపడానికి ఖర్చయిపోయి, చివరి ఇంటి నల్లాలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ఈ మిగిలిందే ముఖ్యం. పైపులో మధ్యలో ఏదైనా కలిసినా, బిందెలో ఎవరైనా చెయ్యి పెట్టినా కాపాడేది అదే. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ ఊరందరి నీళ్లకూ క్లోరిన్ వేయడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి టైఫాయిడ్, కలరా ఎలా తగ్గుతూ వచ్చాయో ప్రపంచం చూసింది.

వాసన మాట మాత్రం కొట్టిపారేయకండి. వాటర్‌మెన్ ఎలా వేస్తున్నాడో ఒకరోజు మెట్లెక్కి చూడండి. నాలుగు రోజులు మరిచిపోయి ఐదో రోజు కిలో పౌడర్ ట్యాంకులో గుమ్మరించే చోట్లు నేను బోలెడు చూశాను. ఆ రోజు ముక్కు పగిలే వాసన, మిగతా రోజులు రక్షణే లేదు. తూచి తీసుకోవాలి, బకెట్లో నీళ్లతో కలపాలి, సున్నం కిందికి దిగాక పైతేట మాత్రమే పోయాలి, అరగంట తర్వాతే నీళ్లు వదలాలి. ఇంకా వాసన అనిపిస్తే రాత్రి బిందెలో పట్టి గుడ్డ కట్టి ఉంచితే పొద్దునకు పోతుంది.

చేతిలో ఏం పట్టుకెళ్లాలన్నారు. హెచ్‌టూఎస్ సీసాలు పట్టుకెళ్లండి. గీత వరకు నీళ్లు నింపి వెచ్చగా ఉన్న చోట ఒకటి, రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని ఉంది, కిట్లు కూడా ఉంటాయి. మీ మండలంలో నీటి సరఫరా ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ను) అడగండి. ఒక్క జాగ్రత్త: క్లోరిన్ పరీక్షలో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు మారతాయి. అది మంచి గుర్తు. కానీ మీ ఊళ్లో ఇప్పుడు పసుపంటే మురికి. ముందు చెప్పకుండా ఆ పరీక్ష చేశారంటే ఉన్న కాస్త నమ్మకం కూడా పోతుంది.

జవాబు: ఎడమకాల్వ_రైతు

కెమిస్ట్ సారు చెప్పింది చదివిన, బాగుంది. కానీ ఒక మాట. జనానికి సైన్సు తెల్వదని అనేముందు, వాళ్లకు ఎవరైనా ఏమైనా చూపించారా అని అడగాలి.

మా ఊరి ట్యాంకు కడిగిన తేదీ రాయడానికి ట్యాంకు మీదే ఒక పెట్టె గీసి ఉంది. ఆ పెట్టె ఎప్పుడూ ఖాళీయే. నీళ్ల శాంపిల్ తీసుకుపోతారు, రిపోర్టు ఏమొచ్చిందో ఊరికి చెప్పరు. పైపు పగిలి మోరీ నీళ్లు కలిసినప్పుడు ఫోన్ చేస్తే పంచాయతీ వాళ్లు భగీరథ వాళ్లది అంటారు, భగీరథ వాళ్లు ఊరి లోపలి పైపు పంచాయతీది అంటారు. ఇన్నేళ్లలో నీళ్ల గురించి మాకు అర్థమయ్యేటట్టు, గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి మాట్లాడిన మొదటి మనిషి ఆ సేల్స్‌మనే. అబద్ధమే చెప్పిండు. కానీ వచ్చిండు.

నల్లా నీళ్లు ట్యాంకు దగ్గర బాగుంటాయేమో. మా గల్లీ చివరికి వచ్చేసరికి ఏమవుతున్నదో ఎవరు చూసిండ్రు? హైదరాబాద్ భోలక్‌పూర్‌లో 2009లో జనం చనిపోయింది నల్లా నీళ్లు తాగే కదా. 2018లో గుంటూరులో, మొన్న 2024లో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారంతో జనం పోయిన్రు. అవన్నీ టీవీలో చూసినవాళ్లు క్యాన్ కొనుక్కుంటే తప్పెట్లా అవుతది? పరీక్ష పెడితే మురికి కాలువ పక్క ఇంటి నల్లాకు కూడా పెట్టండి సారూ. నల్లబడితే దాచకుండా చెప్పండి. అప్పుడు నమ్ముతరు.

జవాబు: ఏఎన్ఎం_అక్క

రైతన్న చెప్పింది నిజం. నేను సబ్‌సెంటర్‌లో పనిచేస్తాను, రెండు వైపులా చూస్తున్నాను.

వానాకాలం మొదట్లో మా పరిధిలోని ఒక తండాలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఇంటింటికీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పిల్లలకు జింక్ మాత్రలు ఇస్తూ ఏ నీళ్లు తాగుతున్నారని అడుగుతూ పోయాను. "మేం నల్లా నీళ్లు ముట్టనే ముట్టం అక్కా, ఫిల్టర్ నీళ్లే" అని గర్వంగా చెప్పిన ఇళ్లలో కూడా పిల్లలు మంచం మీదే ఉన్నారు. క్యాన్ చూపించమన్నాను. లోపలి గోడకు పాకుడు. మూత ఎప్పుడో పోయింది, గుడ్డ కుక్కారు. గ్లాసు ముంచి తీసుకుంటున్నారు, చేతివేళ్లు నీళ్లలో మునుగుతున్నాయి. ఫిల్టర్ నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి ఇంట్లో ఒకసారి చెడితే చెడినట్టే. ప్లాంటు వాళ్లను తిట్టినా, సర్కారును తిట్టినా ఆ క్యాన్ శుభ్రం కాదు. పొడుగు కాడ గరిటె పెట్టుకోమని, వారానికోసారి క్యాన్ కడగమని చెప్పాను. విన్న ఇళ్లున్నాయి, వినని ఇళ్లున్నాయి.

మోకాళ్ల నొప్పుల సంగతి. ఈ జిల్లాలో మోకాళ్లు, నడుము పట్టేసినవాళ్లు నిజంగానే ఎక్కువ. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్ల ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అంత తేలిగ్గా పోదు. నల్లా వచ్చాక నొప్పి ఎక్కువైందంటే, వయసు కూడా పెరిగింది కదమ్మా అని చెబుతాను. నేను వాళ్లకు చూపించేది చిన్నపిల్లల పళ్లు. పాత పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ చారలుండేవి. కృష్ణ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లు చూడమంటాను. ఒకే ఇంట్లో అన్న పళ్లు, చెల్లి పళ్లు పక్కపక్కన చూస్తే తల్లికి నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

మాస్టారూ, సర్పంచ్ దగ్గరికి ఒక్కరే వెళ్లకండి. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచర్‌ను వెంట తీసుకెళ్లండి. ఊళ్లోవాళ్లు పెద్ద సారు మాట వినకపోయినా, తమ ఇంటి కాన్పులు చూసినవాళ్ల మాట వింటారు. ఈలోగా స్కూలు పిల్లలకు నీళ్లు కాచి చల్లార్చి పెట్టించండి. ఇందులో ఆలస్యం వద్దు.

అడిగినవారి జవాబు: పీఎస్_సార్_నల్లగొండ

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి. చెప్పడానికి చాలా ఉంది.

స్కూల్లో వెంటనే నీళ్లు కాచడం మొదలుపెట్టించాం. వంట చేసే అక్కలు గొణగకుండా ఒప్పుకున్నారు, వాళ్లకు రుణపడి ఉంటాను.

బ్యాటరీ ప్రయోగం నేను చేయలేదు, తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించాను. పంచాయతీ ముందు అదే చోట, మళ్లీ సంఘం మీటింగ్ రోజే. ఉప్పు వేశాక ప్లాంటు నీళ్లు రంగు మారుతుంటే మొదట ఎవరూ నోరు మెదపలేదు. పెన్సిల్ ములుకుల దగ్గర మాత్రం, ఆ రోజు సీసా లాగి పడేసిన ఆమే ముందుకు వచ్చింది. "అంటే ఆ ఖరాబు మేకుదా సారూ?" అని తనే అడిగింది. మేకు చేతిలోకి తీసుకుని వేలితో గీకి చూసింది. ఆమె కూడా కిస్తీ మీద మిషన్ తీసుకుంది. కంపెనీకి ఫోన్ చేస్తే వెనక్కి తీసుకోం అంటున్నారు. వినియోగదారుల ఫోరానికి ఎలా రాయాలో చూస్తున్నాం, అది వేరే పోస్టుగా పెడతాను.

హెచ్‌టూఎస్ సీసాలు ఐదు చోట్ల పెట్టాం, రైతన్న చెప్పినట్టు మురికి కాలువ పక్క ఇల్లు కలిపి. ట్యాంకు దగ్గర, స్కూలు నల్లా, ప్లాంటు కుళాయి, ఈ మూడూ తేటగానే ఉన్నాయి. ఒక ఇంట్లో వాడుతున్న క్యాన్‌లోవి నల్లబడ్డాయి. కాలువ పక్క నల్లావీ నల్లబడ్డాయి. ఏదీ దాచలేదు, అన్ని సీసాలూ పంచాయతీ అరుగు మీద వరసగా పెట్టి ఎక్కడివో చీటీలు అంటించాం. ఊరంతా వచ్చి చూసింది.

ఆ కాలువ దగ్గర తవ్విస్తే పైపు మోరీలోంచే పోతోంది, జాయింటు కారుతోంది. నీళ్లు వదిలినప్పుడు బయటికి కారుతుంది, నీళ్లు ఆపాక పైపు ఖాళీ అయి మోరీ నీళ్లను లోపలికి లాక్కుంటుంది. మా ఊళ్లో నీళ్లు వచ్చేది పొద్దున కాసేపే. మిగతా రోజంతా ఆ ఏడెనిమిది ఇళ్ల నల్లాలోకి ఏం చేరుతోందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంది. పంచాయతీ వాళ్లు పైపు మార్చి మోరీకి పైనుంచి వేశారు.

ప్లాంటు గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. వాళ్లది బోరే. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ రెండు దాటింది, ఫిల్టరయ్యాక ఒకటి లోపే ఉంది. అంటే పొర పనిచేస్తోంది. నడిపే అతను మమ్మల్ని అడ్డుకోలేదు, పైగా రిపోర్టు కాపీ అడిగి గోడకు అంటించుకున్నాడు. క్యాన్లు కడిగి నింపే పని మాత్రం ఇంకా సరిగ్గా జరగడం లేదు.

ఏఎన్ఎం అక్క చెప్పినట్టు ఆశా కార్యకర్తను తీసుకుని సర్పంచ్ దగ్గరికి వెళ్లాం. కాలువ పక్క సీసా చూశాక ఆయన ఎక్కువ మాట్లాడలేదు. బ్లీచింగ్ మళ్లీ మొదలైంది. వాటర్‌మెన్‌కు స్కూలు ల్యాబ్ తూకం ఇచ్చాను. ఇన్నాళ్లూ ఎంత వేయాలో అతనికి ఎవరూ చెప్పలేదట, గుప్పిళ్ల లెక్కన వేసేవాడట. పాపం, తనను తిట్టారని చాలా బాధపడి ఉన్నాడు. క్లోరిన్ పరీక్ష ఇద్దరు ఆడపిల్లలు నేర్చుకున్నారు. పసుపు వస్తే నీళ్లకు కాపలా ఉన్నట్టని ముందే ఇంటింటికీ చెప్పాం. రోజూ వచ్చిన అంకె ట్యాంకు మీది ఆ ఖాళీ పెట్టెలో సుద్దతో రాస్తున్నారు. అవును రైతన్నా, అలాంటి పెట్టె మా ట్యాంకు మీద కూడా ఉంది.

క్యాన్ కొనేవాళ్లు ఇంకా కొంటున్నారు. నాతో సర్కారు జీతం మాట అన్న పెద్దాయన ఇప్పటికీ ఒప్పుకోలేదు. అంకె మాత్రం వచ్చి చదివి పోతున్నాడు.

కెమిస్ట్ సార్‌కు ఒక ప్రశ్న. మొదటి వారం ట్యాంకు నుంచి వెళ్లే చివరి నల్లాలో 0.2 వచ్చింది. ఇప్పుడు అదే 150 గ్రాములు వేస్తున్నా రంగు కనీకనిపించకుండా ఉంది. పైపు ఇంకెక్కడైనా కారుతోందా, లేక పౌడర్‌లోనే లోపమా?

జవాబు: రిటైర్డ్_కెమిస్ట్

రెండూ కావచ్చు సార్, ముందు పౌడర్ చూడండి. కొత్త బ్లీచింగ్‌లో క్లోరిన్ మూడో వంతు దాకా ఉంటుంది. బస్తా మూతి తెరిచి పెడితే గాలికి, తేమకు వారాల్లోనే పడిపోతుంది, వానాకాలంలో మరీ త్వరగా. గడ్డలు కట్టి, ఘాటు తగ్గి ఉంటే అదే కారణం. ఐఎస్ 1065 గుర్తు, తయారైన నెల చూసి చిన్న ప్యాకింగ్‌లో తెప్పించమనండి. మిగిలింది ప్లాస్టిక్ డబ్బాలో గట్టిగా మూతపెట్టి చీకటి గదిలో ఉంచాలి. ఇనప డబ్బాలో వద్దు, తినేస్తుంది.

కొత్త పౌడర్ వచ్చేదాకా మోతాదు కొంచెం కొంచెంగా పెంచుతూ, చివరి ఇంట్లో 0.2 వచ్చిన చోట ఆగండి. కొత్త పౌడర్‌తో 150 గ్రాములే వేసినా ఆ అంకె రాకపోతే అప్పుడు పైపు వెతకాలి. ట్యాంకు దగ్గర, ఊరి మధ్య, చివర, మూడు చోట్లా నీళ్లు వదిలిన పావుగంటకు పరీక్ష చేయించండి. ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారిగా పడిపోతే అక్కడ తవ్వాలి. ఆ మూడు అంకెలూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.